బోరు నీళ్ల సముద్రం

2024 జూన్ 8, శనివారం. మృగశిర కార్తె ప్రవేశించిన రోజు. ఆ మధ్యాహ్నం మిర్యాలగూడలో అక్కగారింట్లో జగదీశ్ కొరమీను పులుసు మారు వేయించుకుని తిన్నాడు. శనివారం నీచు ముట్టని ఇల్లే అది. కానీ కార్తె నాడు చేప తినకపోతే ఏడాదంతా దగ్గూ ఆయాసం వదలవని, ఆ సంగతి వేంకటేశ్వరస్వామికి తెలియంది కాదని, ఆయనే సర్దుకుంటాడని ఆండాళు తేల్చేసింది. ఆవిడ తేల్చిన విషయాల్లో దేవుళ్లు కూడా పెద్దగా కలగజేసుకోరు.

అయితే ఆ తేదీ జగదీశ్‌కు గుర్తుండిపోయింది పులుసు వల్ల కాదు. ఆ కంచం ముందు కూర్చునే అతను ఒక పందెం కాశాడు.

జగదీశ్ సూర్యాపేటలో సివిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య మంజుల కిందటేడు దసరా వెళ్లాక పోయింది. పిల్లల్లేరు. తోడబుట్టింది ఒక్క ఆండాళు. మిర్యాలగూడలో వాళ్లాయనకు రైస్ మిల్లుంది. మిల్లును బావ నడిపితే, బావనూ కొడుకు హరీష్‌నూ ఆండాళు నడుపుతుంది. ఇప్పుడు తమ్ముణ్ణి కూడా ఆ వరసలో చేర్చాలని చూస్తోంది.

"తమ్మీ, ఇగ నువ్వు సూర్యాపేటల ఒక్కనివే ఉండుడు బందు," అంది ముల్లు తీసిన ముక్కను అతని కంచంలో వేస్తూ. "మా మీదర్ర ఖాళీగుంది. సున్నం గూడ ఏపిచ్చిన. నీ ఇల్లు కిరాయికిద్దాం. మన హరీష్ దోస్తు ఎవడో కోచింగ్ సెంటర్ పెడతడంట."

"నాకు గాడ బాగనే ఉన్నదక్కా."

"బాగనా? మంజుల పెట్టిన మొక్కలేవిరా? మల్లె సచ్చింది. కరివేపాకు సచ్చింది. తులసి గూడ సచ్చింది. తులసి సావాలంటే ఎంత పాపం జెయ్యాలె! మొక్కను బతికియ్యలేనోడివి, నువ్వేం బతుకుతవ్?"

జగదీశ్ ముక్క మింగలేక, కక్కలేక ఆగాడు. అక్క ప్రేమలో వంకపెట్టడానికేమీ లేదు. ఆ ఇంట్లో మాత్రం మూడు టీవీలున్నాయి, మూడింట్లో మూడు సీరియళ్ల అత్తాకోడళ్లు ఒకేసారి ఏడుస్తుంటారు. మేడ మీది ఆ మీదర్రలో పడుకున్నవాడికి మిల్లు చప్పుడు మంచం కోళ్లలోంచి వెన్నులోకి ఎక్కుతుంది. అన్నిటికీ మించి గంటకోసారి "తిన్నవా?" అన్న ప్రశ్న. సూర్యాపేటలో ఆ బాధ లేదు. పొద్దున్నే వంటింటి గట్టు మీద పడే ఎండలోకి కుర్చీ లాక్కుని, టీ చల్లారేదాకా ఊరికే కూర్చున్నా ఎందుకని అడిగేవాళ్లుండరు. ఆ ఎండలో నిలబడే మంజుల అతనితో ఎక్కువగా పోట్లాడేది. అందుకే ఆ చోటు వదలడం అతనికి ఇష్టం లేదు. ఈ మాట అక్కకు చెప్తే కళ్లొత్తుకుని, ఆ సాయంత్రమే సామాన్లకు డీసీఎం వ్యాను మాట్లాడుతుంది.

"నా తప్పేం లేదక్కా," అన్నాడు. "ఎండకాలం నల్లా నీళ్లు వంటకే సరిపోయినయ్. మొక్కలకు బోరు నీళ్లు పోసిన. మా బోరు ఉప్పు నీళ్లాయె. ఏం బతుకుతది?"

హరీష్ వేళ్లు నాకుతూ నవ్వాడు. "అయితే ఉప్పు నీళ్ల చేపల్ని పెంచు మామా! నీ నీళ్లకు అవే కరెక్టు."

మేనల్లుడు వెటకారానికే అన్నాడు. కానీ లెక్చరర్లకు ఒక జబ్బుంటుంది. ఎంత ఎద్దేవా మాటలోనైనా కాస్త తర్కం కనిపిస్తే చాలు, పాఠంలోకి దిగిపోతారు. ఉప్పు నీళ్లలో మంచినీళ్ల మొక్క చచ్చింది. కనుక ఉప్పు నీళ్లలో ఉప్పు నీళ్ల చేప బతకాలి. జగదీశ్‌కు ఇందులో దోషమేమీ కనిపించలేదు.

"మంజుల సంవత్సరీకం నాటికి నా ఇంట్ల చేపలు బతికుంటే, నేను గాడనే ఉంట," అన్నాడు. "సస్తే ఆ రోజే నీ ఎంట వస్త. మల్ల మాట్లాడ."

ఆండాళు తమ్ముడి ముఖంలోకి చూసింది. చిన్నప్పటి నుంచీ ఒక్క పందెమైనా గెలవని ముఖం అది.

"సరే. నేనే వచ్చి సూస్త. సచ్చినయి తేలుతుంటే ఈత గొడ్తున్నయని జెప్పకు."

*

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ ప్రాంతంలో ఉప్పు నీళ్లంటే బోరు నీళ్లు. సబ్బు నురగరాదు, పప్పు ఉడకదు, బకెట్టు అంచున తెల్లటి పొరలు కడతాయి. తాగేవి మంచినీళ్లు, కడుక్కునేవి ఉప్పు నీళ్లు. లోకంలో నీళ్లు ఈ రెండు రకాలే. సముద్రమనేది బస్సెక్కి నిద్రపోయి లేస్తే కనిపించే వేరే సంగతి. దాన్ని ఈ లెక్కలోకి ఎవరూ తీసుకురారు.

అందుకే జగదీశ్ సూర్యాపేటలో గాజు తొట్టి కొని, హాల్లో సోఫాను జరిపి, బలమైన ఇనుప స్టాండు మీద పెట్టించి, బోరు పైపుతో నిండుగా నింపి, గర్వంగా కోదాడ వెళ్లాడు. సముద్రపు చేపలు అక్కడ శైలజ అనే ఆవిడ దుకాణంలో దొరుకుతాయని వాకబు చేసి తెలుసుకున్నాడు. ఆవిడది విజయవాడ వైపు. మాట్లాడుతూనే చేపలకు మేత వేస్తుంది, మేత వేస్తూనే బేరం చేస్తుంది.

"ఉప్పు నీళ్ల చేపలు కావాలమ్మా."

ఆవిడ చెయ్యి గాల్లో ఆగింది. "మెరైన్ చేపలా సార్? ఇక్కడ ఎవరూ అడగరండీ! ట్యాంకు సెట్ చేశారా?"

"హాల్ల పెట్టిన."

"నీళ్లు?"

"నింపి వారమాయె."

"ఉప్పో?"

"దానికి కొదవే లేదు. మా ఇంట్ల ఎప్పుడూ ఉప్పు నీళ్లే."

"ఎప్పుడూ అంటే?"

"ఇల్లు కట్టినప్పటి సంది. ఇరవయ్యేండ్లు దాటింది."

శైలజ కళ్లలో గౌరవం పొంగింది. "అబ్బో! నేనింకా కొత్తవారనుకున్నాను. మీకు నేను చెప్పేదేముంది సార్?" అని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. అక్కడ నీలం వెలుతురులో రెండు నారింజ రంగు చేపలు, ఒంటి మీద తెల్లటి పట్టీలతో, సర్కసు జోకర్లలా ఊగుతూ ఉన్నాయి. ఎవరో డాక్టరుగారి కోసం తెప్పించిందట. తీరా చూస్తే ఆయన భార్య కుక్కను కొనుక్కుంది.

"పెద్దది ఆడది, చిన్నది మొగుడు. ఓ విచిత్రం చెప్పనా? ఆడది చచ్చిపోతే ఆ మగదే ఆడదైపోద్ది సార్. ఏడుస్తూ కూర్చోదు."

జగదీశ్ తల ఊపాడు. మంజుల పోయాక అతను పచ్చళ్లు పెట్టడం నేర్చుకున్నాడు. పక్కింటివాళ్లతో పేరంటం కబుర్లు చెప్పడం వచ్చింది. కూరగాయలామెతో కరివేపాకు కోసం తగాదా కూడా పడుతున్నాడు. చేపల కంటే కొంచెం నిదానంగానే అయినా, తనూ ఆ దారిలోనే ఉన్నాననిపించింది.

ఆవిడ రెండింటినీ వేరు వేరు సంచుల్లో నీళ్లూ గాలీ పట్టి కట్టింది. "సంచి విప్పకుండా కాసేపు మీ ట్యాంకులో తేలేయండి. తర్వాత మెల్లిగా వదలండి."

సూర్యాపేట బస్సులో అతను సంచులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కసీటు ముసలమ్మ చాలాసేపు వంగి చూసింది.

"సారూ, గివి కూరకేం సరిపోతయి?"

"కూరకు గాదవ్వా, పెంచుకోనీకి."

"పెంచినంకనే కోస్తవా? ఓపికున్నోడివే."

కండక్టరు టికెట్టు చింపుతూ సంచుల దగ్గర ఆగాడు. "దీంట్ల ఆడది ఉన్నదా సార్?"

"పెద్దది ఆడదేనంట."

"అయితే దానికి ఫ్రీ. ఆడోళ్లకు బస్సుల టికెట్ లేదు గద. ఆధార్ కార్డు జూపియ్యమను," అన్నాడు. బస్సు మునగాల దాటేదాకా నవ్వుతూనే ఉంది.

*

ఇంటికి వచ్చి జగదీశ్ సంచుల్ని తొట్టిలో తేలేశాడు. టీ తాగి వచ్చి, ముందు ఆడవాళ్లకు మర్యాదని పెద్ద చేప సంచి విప్పి, దాన్ని నీళ్లలోకి వదిలాడు. చేప ఒక్క ఊపులో తొట్టి ఆ చివరికి పోయింది. అక్కడ గాజును ముక్కుతో పొడిచింది. తిరిగింది. తర్వాత కొంచెంగా పక్కకు ఒరిగింది, ఎక్కువైపోయిన మనిషి కల్లు దుకాణం గోడకు ఒరిగినట్టు.

జగదీశ్ శైలజకు ఫోన్ చేశాడు. "అమ్మా, చేప పక్కకు వంగుతున్నది."

"నీళ్లలో ఉప్పెంతుంది సార్? కొలిచారా?"

"కొలుసుడేంది? బోరు నీళ్లు గదా, సబ్బు గూడ రుద్దరాదు."

అటువైపు మేత డబ్బా కిందపడ్డ చప్పుడు. తర్వాత ఒక కేక. "బోరా! సార్, ముందు దాన్ని పైకి తీయండి! ఆ నీళ్లలో రెండు నిమిషాలైతే స్నానం, గంటైతే శ్రాద్ధం! వచ్చిన సంచిలో నీళ్లలోనే మళ్లీ వేసేయండి!"

చేపల వల అతను కొనలేదు. టీ వడకట్టే జల్లెడ పట్టుకుని సివిక్స్ లెక్చరరు మోచేయి దాకా తొట్టిలో దిగాడు. చేప దొరికింది. సంచిలో పడ్డాక కాసేపు అలాగే ఉండి, తర్వాత నిటారుగా నిలబడి, అతనివైపు చూసింది. ఆ చూపు అతనికి ఇంతకు ముందే తెలుసు. ఉప్పుకు బదులు చక్కెర వేసిన పప్పును మంజుల ముందు పెట్టినప్పుడు అదే చూపు.

రెండు సంచులతో మళ్లీ బస్సెక్కాడు. పొద్దున్నటి కండక్టరే.

"ఏం సార్, నచ్చలేదా?"

"ఇల్లు నచ్చలేదంట."

శైలజ దుకాణం మెట్ల మీదే ఎదురుచూస్తోంది. చేపల్ని వాటి నీళ్లలోకి చేర్చిగాని మాట్లాడలేదు. చేర్చాక ఆగలేదు.

"బోరు నీళ్లు పోసి సముద్రమన్నారేంటి సార్?"

"మా దిక్కు దాన్నే ఉప్పు నీళ్లంటరమ్మా."

"మేమూ అంటాం సార్. చేప అనదుగా!"

జగదీశ్ స్టూలు మీద కూర్చుని పందెం సంగతంతా చెప్పాడు. మీదర్ర, మిల్లు చప్పుడు, మూడు టీవీలు. శైలజ మొదట నవ్వింది. తర్వాత, తన దగ్గరే గుంభనంగా ఉంచిన మాటలా, "మా అత్తగారింట్లో నాలుగు టీవీలు సార్," అంది. ట్యాంకు తయారయ్యేదాకా చేపలు తన దగ్గరే ఉంటాయని మాటిచ్చింది.

*

అప్పుడు మొదలైంది అసలు పని. సముద్రపు ఉప్పు కోదాడ నుంచి సంచిలో వచ్చింది. కానీ దాన్ని కలిపే నీళ్లలో ఇంకే ఉప్పూ ఉండకూడదు, అంటే ఫిల్టర్ ప్లాంటు నీళ్లే కావాలి. కాలనీలో ఆ క్యాన్లు తెచ్చేది మంగ్త్యా. ట్రాలీ ఆటో గుమ్మం ముందు ఆపి, క్యాన్ల మీద క్యాన్లు దించుతూ అతను మర్యాదగా కొంతసేపే ఓపిక పట్టాడు.

"ఎవల పెండ్లి సార్?"

"పెండ్లి గాదు. తొట్టిల బోసి ఉప్పు గలపాలె."

మంగ్త్యా క్యాన్ భుజం మీదే ఉంచుకుని నిలబడిపోయాడు. "బోర్ల కెళ్లి ఉప్పు నీళ్లు తీస్తరు. ప్లాంట్ల ఉప్పు తీసేస్తరు. గా నీళ్లు నువ్వు పైసలిచ్చి కొంటవ్. మల్ల ఉప్పు గలుపుతవ్?"

"అవు."

"సదువుకున్నోళ్ల పని సదువుకున్నోళ్లదే," అన్నాడు మంగ్త్యా. సాయంత్రానికి ఆ మాట కాలనీ అంతా తిరిగి, కొత్త బస్టాండు దాకా పోయి, టీ తాగి తిరిగొచ్చింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నదానికి సార్ ఇల్లే ఉదాహరణ అని జనం నవ్వుకున్నారు.

జగదీశ్ పట్టించుకోలేదు. అన్నం కలిపే చేత్తోనే ఉప్పు కలిపాడు. నీళ్లలో ఉప్పు కొలిచే గాజులో ముల్లు సరైన చోట నిలిచేదాకా ఒకసారి నీళ్లు, ఒకసారి ఉప్పు. కోదాడ నుంచి తెచ్చిన రంధ్రాల రాళ్లను గూడులా పేర్చాడు. మోటారు పెట్టగానే తొట్టిలో చిన్న అల లేచింది. ఇంత చేశాక చేపలెప్పుడని అడిగితే శైలజ, "ఇంకెక్కడ సార్! ఆవకాయ ఊరినట్టు నీళ్లు ఊరాలి. నెల పైనే," అంది. నీళ్లలోకి కంటికి కనిపించని మేలు చేసే పురుగులు రావాలట. అవి రావడానికి ఒక పచ్చి రొయ్యను అందులో వేసి కుళ్లబెట్టాలట.

రొయ్య కుళ్లింది. రొయ్య తన బాధ్యత సక్రమంగా నిర్వర్తించింది. జగదీశ్ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అగరొత్తులు వెలిగించాడు. పక్కింటివాళ్లు పాపం, భార్య పోయాక సార్‌కు భక్తి ముదిరిందని జాలిపడ్డారు. సముద్రం చూడ్డానికి వచ్చినవాళ్లు తొట్టిలో రాళ్లనూ, వాటి మీది గోధుమరంగు జిగురునూ చూసి, ఏమనాలో తోచక, "లైటు బాగుంది సార్," అని వెళ్లిపోయేవారు. ఆండాళు రోజూ ఫోన్ చేసేది.

"చేపలేం జేస్తున్నయ్ రా?"

"ఇంకా రాలే. నీళ్లు ఊరుతున్నయ్."

"సచ్చినయని జెప్పనీకి సిగ్గయితందా?"

ఒక వానరోజు పొద్దున జగదీశ్ టీ గ్లాసుతో తొట్టి ముందు కూర్చున్నాడు. ఓడిపోయినట్టేనని, మీదర్రకు ఏ మంచం తీసుకెళ్లాలో ఆలోచిస్తున్నాడు. రాయి మీద ఏదో కదిలింది. మెంతిగింజంత నత్త. అతను కొనలేదు, శైలజ అమ్మలేదు. ఏ సముద్రంలోనో ఆ రాతి రంధ్రంలో దాక్కుని, లారీలు మారి, కోదాడ దుకాణంలో నిద్రపోయి, ఇక్కడ లేచింది. లేచి, ఇదేం ఊరని అడక్కుండా గోధుమరంగు జిగురును తింటూ బయల్దేరింది. వెనక శుభ్రమైన దారి సన్నగా పడుతోంది. టీ చల్లారిపోయింది. ఎవరో అడక్కుండానే తన పక్షాన నిలబడ్డట్టు అతనికి గుండె నిండింది.

శ్రావణంలో చేపలు ఇల్లు చేరాయి. ఈసారి పెద్దది పక్కకు ఒరగలేదు. రాళ్ల గూడంతా తిరిగి, నచ్చిన మూల ఎంచుకుని, మొగుణ్ణి అందులోంచి తరిమింది. మొగుడు రెండో మూలలో సర్దుకున్నాడు. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మోటారు ఆగితే, జగదీశ్ పప్పు గరిటెతో నీళ్లు తిప్పుతూ కూర్చున్నాడు. కరెంటు వచ్చేసరికి భుజం పడిపోయింది. మళ్లీ శైలజను అడిగి బ్యాటరీ మీద నడిచే గాలి మోటారు తెచ్చుకున్నాడు. పెద్ద డ్రమ్ములో ఎప్పుడూ కొంత ఉప్పు నీరు కలిపి సిద్ధంగా ఉంచడం కూడా ఆవిడ చెప్పిందే.

*

సంవత్సరీకం రోజు ఆండాళు పొద్దున్నే కారు దిగింది. చెప్పులు విడిచి నేరుగా తొట్టి దగ్గరికే వచ్చింది. ముక్కు గాజుకు ఆనించి చూసింది. పెద్ద చేప కూడా ముక్కు ఆనించి చూసింది. ఇద్దరిలో ఎవరు ముందు తప్పుకుంటారోనని హరీష్ కాసేపు చూశాడు.

"బతికే ఉన్నయ్," అని ఒప్పుకుంది. "కానీ పొద్దు గూకలే. ఈ రోజంతా ఉండాలె."

"ఉంటయక్కా."

అయ్యగారు వచ్చి తంతు జరిపించారు. మంజుల ఫోటోకు దండ వేశారు. వంటింట్లో ఆమెకు ఇష్టమైన పచ్చిపులుసు, గారెలు. కాకికి ముద్ద పెట్టడానికి జగదీశ్ డాబా ఎక్కాడు. కాకి వెంటనే రాలేదు. అతను పిట్టగోడ పక్కన నిలబడి నెమ్మదిగా, "రావే, మల్ల ఎందుకలిగినవ్?" అన్నాడు. కాసేపటికి ఒకటి వచ్చి, గారె ముక్కను వదిలి అన్నం మాత్రం తిని పోయింది. నూనె ఎక్కువైందన్నమాట. తేలికైన మనసుతో మెట్లు దిగాడు.

హాల్లోకి అడుగుపెట్టి ఆగిపోయాడు. తొట్టిలో నీళ్లు పచ్చగా ఉన్నాయి. మధ్యలో ఎర్రటి పాయలు సుడి తిరుగుతున్నాయి. తొట్టి ముందు ఆండాళు చేతులు జోడించి, కళ్లు మూసుకుని నిలబడి ఉంది. పక్కన పసుపు గిన్నె, కుంకుమ భరిణె, రెండూ ఖాళీ.

"అక్కా! ఏం జేసినవక్కా?"

ఆండాళు కళ్లు తెరిచింది. "ఏం జేసిన? మొక్కిన. ముత్తైదువగ పోయింది, పసుపు కుంకుమ ఇయ్యొద్దా?"

"తొట్టిల ఎందుకేసినవ్?"

"ఏడెయ్యాలె? దాని అస్థికలు వాడపల్లిల కృష్ణల గలిపినం. కృష్ణ ఏడికి బోతది? సముద్రానికే గద. గా సముద్రం నీ హాల్లకొచ్చి కూసున్నంక, దండం బెట్టకుండ ఎట్లుంట?"

"ఇది సంచిల వచ్చిన సముద్రమక్కా! కోదాడల కొన్న!"

"సముద్రం ఏడ కొంటే ఏంది? సముద్రం సముద్రమే."

ఏడాదిగా మంజుల ఎక్కడుందని జగదీశ్ తనను తాను అడుగుతూనే ఉన్నాడు. అక్క నది దారిలో చక్కగా నడుచుకుంటూ వచ్చి, సోఫా పక్కనే చూపించేసింది. కోపం రావాల్సిన చోట, అతని చెయ్యి తనంతట తనే వెళ్లి గాజు మీద ఆనింది. కానీ నీళ్లలో చిన్న చేప పైకి వచ్చి నోరు తెరుస్తోంది. పెద్దది కనిపించడం లేదు.

గుమ్మంలోంచి హరీష్ అన్నాడు, "అమ్మా, ఇగ నువ్వే గెలిచినట్టు."

ఆండాళు ముఖం మారింది. తొట్టి వంక చూసింది, తమ్ముడి వంక చూసింది. అప్పుడు గాని ఆమెకు తను ఏం చేసిందో అర్థం కాలేదు.

"నోర్మూయ్ రా!" అంది కొడుకును. పైట కొంగు నడుముకు బిగించింది. "తమ్మీ, ఏం జెయ్యాలె? జెప్పు. ఎత్తిపొయ్యాల్నా?"

పూజకు తెచ్చిన రాగి చెంబు అందుకుంది. జగదీశ్ కేక పెట్టాడు. "రాగి తగల్నియ్యకు! సచ్చిపోతయ్! బాత్రూంల ప్లాస్టిక్ మగ్గు తే!"

అలా మంజుల సంవత్సరీకం నాడు, పట్టుచీర కట్టిన మిర్యాలగూడ మిల్లు యజమానురాలు స్నానాల మగ్గుతో సముద్రాన్ని తోడింది. జగదీశ్ డ్రమ్ములోని నీళ్లను తెచ్చి మెల్లిగా పోశాడు. అవి చాలవని మంగ్త్యాకు ఫోన్ చేస్తే, ఆటో హారన్ మోగించుకుంటూ క్యాన్లు తెచ్చి, "ఈసారి సావు భోజనాలా సార్?" అని అడిగి, లోపలి దృశ్యం చూసి, లుంగీ ఎగ్గట్టి తనూ బకెట్టు పట్టాడు. హరీష్ కొలిచే గాజు పట్టుకుని ముల్లు చదివాడు. భోజనాలకు కూర్చున్న చుట్టాలు గారెలు తింటూ సలహాలిచ్చారు. ఒకాయన నిమ్మకాయ పిండమన్నాడు. ఒకావిడ, పసుపు వేసి ఉప్పు వేశాక ఇంకెందుకు, కారం కూడా వేసి పొయ్యి మీద పెట్టమంది. ఆండాళు ఆమె వైపు చూసిన చూపుకు విస్తరిలో పచ్చిపులుసు గడ్డకట్టి ఉండాలి.

"ఫోన్ల గా కోదాడామెను అడుగు," అంది ఆండాళు మగ్గు ఆపకుండా. శైలజ ఫోన్లో అంతా విని, "పసుపా?" అని ఒకసారి, "కుంకుమ కూడానా?" అని ఇంకోసారి అంది. తర్వాత నవ్వు ఆపుకుని ఫిల్టర్లో కొత్త బొగ్గు వేయమంది. సగం నీళ్లు మార్చి ఆగమంది. ఇక చేసేదేం లేదు, చూడ్డమే.

చుట్టాలు తాంబూలాలు తీసుకుని వెళ్లిపోయారు. అన్నాచెల్లెళ్లయినా అక్కాతమ్ముళ్లయినా అలిసిపోయాక ఒకేలా కూర్చుంటారు. ఇద్దరూ తొట్టి ముందు నేల మీద చతికిలబడ్డారు. ఆండాళు మోచేతుల దాకా పసుపే. గోళ్ల కింద ఉప్పు మండుతోందంది. ఊదుకుంది. నీళ్లు పచ్చదనం వదిలి మెల్లగా తేటపడ్డాయి. చిన్న చేప రాళ్ల చుట్టూ తిరుగుతూ ఒకచోటికే మళ్లీ మళ్లీ వెళ్తోంది.

"పెద్దది పోయిందా తమ్మీ?"

"తెల్వదక్కా."

"నేనే సంపినట్టయితది," అంది ఆండాళు. గొంతు సన్నగా ఉంది. "అది సచ్చినా నువ్వు నా ఎంట రావొద్దు. నేను జేసిన పనికి నిన్ను ఇల్లు ఖాళీ చెయ్యమనుడు న్యాయమా?"

జగదీశ్ ఆమె చేతికి తడి తువ్వాలు అందించాడు. దీపాలు పెట్టే వేళకు, రాళ్ల గూడు వెనకాల నారింజ రంగు ముక్కు ఒకటి కనిపించింది. పెద్ద చేప బయటికి వచ్చింది. ఒకసారి నీళ్లంతా చుట్టి తనిఖీ చేసింది. తన మూలకు వెళ్లింది. అక్కడ చేరబోయిన మొగుణ్ణి తరిమేసింది.

ఆండాళు పకపకా నవ్వి, అంతలోనే ముక్కు చీదింది. "దీనికి మంజుల పోలికే ఉన్నదిరా!"

"ఉన్నదక్కా. నాక్కూడ మొదలే అనిపిచ్చింది."

హరీష్ కారు తాళాలు ఊపుతూ వచ్చాడు. "మరి మా దోస్తుకు ఏం జెప్పాలె?"

"ఇల్లు లేదని జెప్పు. సూర్యాపేటల ఇంకేడ దొరకదా? మా మీదర్రల బియ్యం బస్తాలు ఏపిస్త, వానకు తడుస్తున్నయి," అంది ఆండాళు. "నువ్వు పో. నేను రేపొస్త. ఈ రాత్రి ఇవెట్లున్నయో సూడాలె."

హరీష్ వెళ్లాడు. అక్కకు మధ్య గదిలో పక్క వేసి, జగదీశ్ వంటింట్లో మిగిలిన పచ్చిపులుసుతో రెండు కంచాలు పెట్టాడు. ఆమె అన్నం కలుపుకుంటూ, "మిల్లు దగ్గర నాకు ఇట్ల ఎవలూ పెట్టరురా," అంది. కంచం ఖాళీ చేసింది. "తిన్నవా?" అని అతను అడిగాడు. ఆ ప్రశ్న అంత చెడ్డదేం కాదని మొదటిసారి అనిపించింది.

కంచాలు కడిగి వచ్చేసరికి ఆండాళు హాల్లో నిలబడి ఉంది. తొట్టి లైటు ఆర్పడం ఎలాగో అడిగింది. చెప్పాడు. ఆర్పింది. వీధి దీపం కొంచెం పడుతుంటే పరదా లాగింది. రెండు చేపలూ ఎవరి మూలలో అవి కదలకుండా ఉన్నాయి.

"పండుకున్నయా?" అని గుసగుసగా అడిగింది.

"పండుకున్నట్టే."

"మాట్లాడకు మరి," అంది. మోటారు చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది, దూరంగా చిన్న వాన కురుస్తున్నట్టు. ఆమె మునివేళ్ల మీద నడిచి హాలు దాటింది. గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, తలుపు మెల్లగా దగ్గరికి వేసింది.